సందర్శకుని హస్తము, యంత్రపు లయ: వినోదోద్యానములలో సంగీతక్రీడల నిర్మాణమున నమూనా ప్రయోగముల స్థానము

1. ప్రస్తావన

వినోదోద్యానమున అడుగిడు సందర్శకుడు సంగీతము నేర్చుకొనుటకు వచ్చినవాడు కాడు. ఎండలో నడచి, వరుసలో నిలిచి, బిడ్డల చేతులు పట్టుకొని, పేరైన నెఱుగని మనుష్యుల నడుమ ఒక వాద్యము కడకు చేరి, కొద్ది నిమిషములలోనే తన చేతినుండియు ఒక నాదము పుట్టినదను తృప్తితో మఱియొక వినోదము వైపు సాగిపోవలెనని కోరువాడు. అతనికి శిక్షణ లేదు, అభ్యాసమునకు వ్యవధి లేదు, సూచనలు చదువు ఓపికయు లేదు. రంగులరాట్నమున కూర్చున్నవానికి తప్పుచేయు అవకాశమే లేదు. యంత్రము త్రిప్పినట్లు తిరిగి క్షేమముగా దిగివచ్చును. సంగీతక్రీడలో అట్లు కాదు. అందు తప్పిన తాళము తప్పినవానికే గాక చుట్టునున్న వారికందఱికిని వినబడును. వినబడునను భయము చేతనే పెద్దవారు అనేకులు వాద్యమును తాకక దూరముననే నిలిచిపోవుదురు.

ఇట్టి క్రీడలు నిన్న నేడు పుట్టినవి కావు. 1982 అక్టోబరు 1వ తేదీన ఫ్లోరిడాలో తెరువబడిన ఎప్‌కాట్ ఉద్యానపు తొలినాళ్లలో, ఇమేజ్ వర్క్స్ అను క్రీడాశాలయందు, చేతుల కదలికచే వాద్యబృందమును నడిపించు ఎలక్ట్రానిక్ ఫిల్హార్మానిక్, అడుగుపడిన చోటనెల్ల వెలుగుతోపాటు ధ్వని పుట్టించు స్టెపింగ్ టోన్స్ అను రెండు క్రీడలు ఉండెను. రెమో సరసేనీ నిర్మించిన నేలపియానో 1988లో వెలువడిన ‘బిగ్’ అను చలనచిత్రము మూలమున లోకప్రసిద్ధమయ్యెను. 1998లో ఆర్లండోయందు వెలసిన డిస్నీక్వెస్ట్ అను బహుళాంతస్తుల క్రీడాభవనమున సందర్శకులు తమ పాటను తామే కూర్చుకొను సాంగ్‌మేకర్ అను గదులు ఉండెను. ఇవి యన్నియు ఒకే ప్రశ్నకు వేర్వేఱు సమాధానములు: సంగీతము రానివానిచేత, వాని కర్తృత్వమును హరింపక, సంగీతము చేయించుట ఎట్లు?

యంత్రమే అంతయు వాయించి సందర్శకుని చేయి కదలికను అలంకారమాత్రముగా స్వీకరించినచో ధ్వని మధురముగానే యుండును గాని అది అతనిది కాదు. సర్వమును అతనికే విడిచినచో అది అతనిదే యగును గాని సంగీతము కాదు. ఈ రెండు కొనల నడుమ నియమమునకును స్వేచ్ఛకును తగిన పాలు ఎంతయో ఏ శాస్త్రమును ముందుగా చెప్పజాలదనియు, అది నమూనాలను కట్టి, సందర్శకుల చేతికిచ్చి, చూచి, విప్పి, మరల కట్టుటవలననే తెలియుననియు ఈ వ్యాసము ప్రతిపాదించుచున్నది. తత్ప్రతిపాదనకు ఆధారములుగా నిర్మాతలే స్వయముగా వివరించిన కొన్ని ప్రసిద్ధ నిర్మాణములను క్రమముగా పరిశీలింతును. వీనిలో కొన్ని సంగ్రహాలయములలో వెలసినవైనను, శిక్షణలేని జనసమూహము, స్వల్పకాలము, వెనుక నిరీక్షించు వరుస అను మూడు లక్షణములును వినోదోద్యానములతో సమానమగుటచే ఇచట వానిని చేర్చితిని.

2. నమూనా ఏమి తెలుపును?

1985లో జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ అను పరిశోధకులు వాడుకరులకు అనుకూలమగు వ్యవస్థల నిర్మాణమునకు మూడు సూత్రములను ప్రతిపాదించిరి: వాడువారిని మొదటినుండియు దృష్టియందుంచుకొనుట, వారి ప్రవర్తనను ప్రత్యక్షముగా పరీక్షించి కొలుచుట, ఆ పరీక్షాఫలమునుబట్టి నిర్మాణమును మరల మరల సవరించుట. ఇవి వినుటకు సామాన్యములే, ఆచరణకు దుర్ఘటములు. గౌల్డ్, ఆయన సహచరులు 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలకు వచ్చిన క్రీడాకారులు కంఠధ్వనితో సందేశములు పంపుకొనుటకై నిర్మించిన వ్యవస్థలో ఈ సూత్రములను పాటించి చూపిరి. ఆ సందర్భమున వారు సందేశకేంద్రపు నమూనాను తమ కార్యాలయపు నడవలో నిలిపి, దారిన పోవువారెల్ల దానిని చూచి, తాకి, విమర్శించు అవకాశము కల్పించిరి. పరీక్షకని పిలిపింపబడినవాడు మర్యాదకైన నిలిచి ప్రయత్నించును. దారిన పోవువాడు మనసు పట్టనిచో నిలువనే నిలువడు. బహిరంగ స్థలమునకు ఉద్దేశింపబడిన వస్తువును పరీక్షించుటకు అట్టివానికంటె నిక్కమైన పరీక్షకుడు లేడు.

1997లో స్టెఫనీ హౌడ్, చార్లెస్ హిల్ అనువారు నమూనా యను దానిని గూర్చి మఱింత సూక్ష్మమగు విచారణ చేసిరి. ఒక నమూనా మూడు ప్రశ్నలలో ఒకదానికి సమాధానము వెదకును: ఈ వస్తువు మనుష్యుని జీవితమున ఏ పాత్ర వహించును? ఇది కంటికిని చేతికిని ఎట్లు తోచును? ఇది ఏ ఉపాయమున పనిచేయును? సంగీతక్రీడకు ఈ విభాగము మిక్కిలి ఉపకరించును. అపరిచితులు ఆరుగురు ఒక బల్లచుట్టు నిలిచి కలిసి వాయింతురా యను ప్రశ్నకు సమాధానము పొందుటకు వాద్యమే అక్కఱలేదు; అట్టముక్కలు అతికిన మామూలు బల్లయు, తెఱవెనుక నిలిచి దెబ్బ పడినపుడెల్ల ధ్వని మ్రోగించు ఒక సహాయకుడును చాలును. అదే బల్ల దెబ్బకును ధ్వనికిని నడుమ జరుగు విలంబమును గూర్చి ఏమియు చెప్పజాలదు. దానికి రూపసౌందర్యము లేకున్నను నిజముగా పనిచేయు ఒక్క మద్దెల కావలెను. ఏ నమూనాను ఏ ప్రశ్నకై కట్టుచున్నామో ముందుగా నిర్ణయించుకొనని నిర్మాత, మూడు ప్రశ్నలకును ఒకేసారి సమాధానము చెప్పదలచి, వ్యయము పెరిగిన పిదప ఏ ప్రశ్నకును సమాధానము లేక నిలుచును.

సంగీతక్రీడ కాకున్నను ఇచట స్మరింపదగినది డిస్నీ సంస్థ 1990ల నడుమ ఎప్‌కాట్‌లో జరిపిన అలాద్దీన్ ప్రయోగము. శిరస్సున ధరించు యంత్రముతో మాయాకంబళముపై విహరించు ఆ కల్పితానుభవమును సుమారు 45,000 మంది సందర్శకులు పరీక్షించిరి. దాని ఫలితములను ర్యాండీ పాష్, ఆయన సహచరులు 1996లో ప్రకటించిరి. కేవలము స్వేచ్ఛగా విహరింపుమని విడిచినచో సామాన్య సందర్శకునకు ఏమి చేయవలెనో తోచదనియు, పూర్వకథ చెప్పి, ఒక నిశ్చితకార్యము నప్పగించినపుడే అతడు ఆ లోకమున నిమగ్నుడగుననియు వారు కనుగొనిరి. నియమమే స్వేచ్ఛకు ద్వారమను ఈ సత్యము సంగీతక్రీడల చరిత్రలో మరింత స్ఫుటముగా గోచరించును.

3. జామ్-ఓ-డ్రమ్: బల్లచుట్టు ఆరుగురు

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరమున పాల్ ఆలెన్, డేవిడ్ లిడిల్ అనువారు 1992లో స్థాపించిన ఇంటర్వల్ రీసెర్చ్ అను పరిశోధనసంస్థలో టీనా బ్లెయిన్, టిమ్ పెర్కిస్ అను ఇరువురు జామ్-ఓ-డ్రమ్ అను వాద్యమును నిర్మించిరి. టీనా బ్లెయిన్ అంతకు మునుపు డికుకూ అను తాళవాద్య బృందమున సభ్యురాలు. ఆ బృందము తమ ప్రదర్శనలలో మిడిబాల్ అను ఒక పెద్ద బంతిని శ్రోతలమీదికి విడిచెడిది. శ్రోతలు దానిని తట్టినపుడెల్ల ధ్వనులు పుట్టెడివి. శ్రోతను వాదకునిగా మార్చవలెనను తపన ఆమెకు వేదికపైననే కలిగినదని దీనివలన ఊహింపవచ్చును.

జామ్-ఓ-డ్రమ్ ఒక వలయాకారపు బల్ల. దాని అంచున దెబ్బ బలమును గ్రహించు డోలుపలకలు అమర్పబడి యుండును; పైకప్పునుండి ఒక ప్రక్షేపకము బల్లపై కదలు చిత్రములను ప్రసరింపజేయును; ఆరుగురివఱకు ఒకేసారి వాయింపవచ్చును. యంత్రాంశము ఇంతటితో సరి. నిర్మాతల శ్రమయంతయు, ఈ బల్లచుట్టు నిలిచిన శిక్షణలేని జనులచేత ఏమి చేయింపవలెనను విషయమున వ్యయమయ్యెను. 2000 సంవత్సరమున ప్రకటించిన తమ పరిశోధనపత్రమున వారు తాము పరీక్షించిన వివిధ వాదనరీతులను వర్ణించిరి. ఎవరికి తోచినది వారు వాయించు నిర్నిబంధవాదనము ఒక కొనయందు, యంత్రము ఒక లయఖండమును వినిపింపగా వాదకులు దానిని మరల పలికించు పిలుపు-బదులు పద్ధతి మఱియొక కొనయందు కలవు.

నిర్నిబంధవాదనమున ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. ఆరుగురు అపరిచితులకు ఆరు డోళ్లు ఇచ్చినచో ప్రతివాడును తన ధ్వనిని తాను వినగోరి మఱింత బిగ్గరగా వాయించును. అందఱును బిగ్గరగా వాయించుటచే ఎవరికిని తనది వినబడదు. సమష్టివాదనమునకు మూలమైన శ్రవణము ఇచటనే నశించును. పిలుపు-బదులు పద్ధతియందు మౌనమునకును ఒక స్థానము ఏర్పడును. వినుట వాయించుటకు పూర్వాంగమగును. మన పల్లెలలోని భజనగోష్ఠిలో ముందు పాడువాడు చరణమును అందింపగా చిడతలు పట్టిన తక్కినవారు దానినే అందుకొనుటలో, రాగజ్ఞానము లేనివాడును సిగ్గుపడక కంఠము కలుపుటకు హేతువు ఇదియే: అతనికి ఎప్పుడు పాడవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో ఆ సంప్రదాయమే చెప్పుచున్నది.

అయితే ఈ నియమమునకు ఒక మూల్యము కలదు. చెప్పినదే తిరిగి చెప్పించు పద్ధతి వ్యవధి పెరిగినకొలది పరీక్షగా పరిణమించును. కావున నియమము మొదట గాఢముగా నుండి, వాదకులకు ధైర్యము కలిగినకొలది సడలుచు పోవలెను. ఆ సడలింపు ఏ క్షణమున మొదలుకావలెనో నమూనాముందు నిలిచిన మనుష్యుల ముఖములే చెప్పవలెను. బల్లపై చిత్రముల విషయమునను ఇట్టి ద్వైధీభావమే కలదు. అవి వాదకునకు తన దెబ్బ ఎచట పడినదో చూపి ధైర్యమిచ్చును. మితిమీరినచో ఎదుటివాని ముఖముపై నుండి చూపును లాగికొని, ఆరుగురిని ఆరు ఏకాకులుగా చేయును.

జామ్-ఓ-డ్రమ్ 2000 జూన్ 23వ తేదీన సియాటిల్‌లో తెరువబడిన ఎక్స్‌పీరియన్స్ మ్యూజిక్ ప్రాజెక్ట్ అను సంగీత సంగ్రహాలయమున స్థిరరూపము పొందెను. నిర్మాణము అంతటితో ఆగలేదు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు వినోదసాంకేతిక కేంద్రమున టీనా బ్లెయిన్ బోధించిన కాలమున అదే బల్ల విద్యార్థులకు ప్రయోగస్థానమయ్యెను. డోలుపలక చుట్టును తిరుగు చక్రమును అమర్చి, దెబ్బకు తోడు భ్రమణమును గూడ సంకేతముగా గ్రహించు జామ్-ఓ-వర్ల్ అను రూపాంతరము అట్లు పుట్టినది; దీనిని బ్లెయిన్, క్లిఫ్టన్ ఫోర్లైన్స్ 2002లో డబ్లిన్ నగరమున జరిగిన నూతన సంగీతవాద్యముల సమావేశమునకు నివేదించిరి. వాద్యము క్రమముగా క్రీడగా మారుట ఇచట గమనింపదగినది: కలిసి ఒక చిక్కుదారిని విప్పవలసి వచ్చినపుడు అపరిచితులు ఒకరితోనొకరు మాటలాడుట తప్పదు. తరువాతి సంవత్సరమున బ్లెయిన్, సిడ్నీ ఫెల్స్ అట్టి అనేక సామూహిక వాద్యములను పోల్చిచూచి, నేర్చుకొను సౌలభ్యమునకును వ్యక్తీకరణ విస్తృతికిని నడుమ రాజీ తప్పదనియు, బహిరంగ స్థలములలో సౌలభ్యమునకే అగ్రస్థానమీయవలసి యుండుననియు నిరూపించిరి.

4. వియన్నా, బోస్టన్, మిల్వాకీ: మూడు నగరముల పాఠము

ఒకే భావము మూడు నగరములలో మూడు మారులు నిర్మింపబడి ప్రతిమారును సందర్శకులచే సంస్కరింపబడిన వృత్తాంతము వాద్యబృంద నిర్దేశక్రీడకు సంబంధించినది. 2000 సంవత్సరమున వియన్నాలో హౌస్ డెర్ మ్యుజిక్ అను ధ్వని సంగ్రహాలయమునకై యాన్ బోర్షర్స్, ఆయన సహచరులు పర్సనల్ ఆర్కెస్ట్రా అను వ్యవస్థను నిర్మించిరి. సందర్శకుడు పరారుణ కిరణములు వెలువరించు దండమును చేతబట్టి ఊపినచో, తెఱపై కనబడు వియన్నా ఫిల్హార్మానిక్ బృందము అతని చేతివేగమును అనుసరించి వాయించును. ముందుగా ధ్వనిముద్రణము చేసిన సంగీతమును వేగపరచినచో శ్రుతి పెరుగును, మందగింపజేసినచో శ్రుతి తగ్గును. ఈ దోషము కలుగకుండ వేగము మాత్రమే మారునట్లు చేయుట ఆ వ్యవస్థలోని సాంకేతిక విజయము. నిర్దేశము మిక్కిలి అస్తవ్యస్తమైనచో బృందము వాదనము నాపివేయును. వాద్యకారుడొకడు లేచి సందర్శకుని నిర్దేశమును గూర్చి ఫిర్యాదు చేయును. ఓటమికి హాస్యరూపమిచ్చి, దానిని బహుమానముగా మార్చిన ఈ యుక్తి మిక్కిలి శ్లాఘనీయము. ఓడిపోవు అవకాశము ఉన్నందుననే చక్కగా నడచిన వాదనము తనదని సందర్శకుడు నమ్మును.

జనులు దానిని వాడునపుడు ఒక విచిత్రమగు చిక్కు బయటపడెను. శిక్షితుడైన నిర్దేశకుడు బృందమునకు ముందుండి నడుపును. అతని చేయి లయకంటె కొంచెము ముందుగా పడును. శిక్షణలేని సందర్శకుడు మాత్రము వినబడుచున్న సంగీతమునకు అనుగుణముగా చేయి ఊపును. అనగా తాను నడుపవలసిన బృందమును తానే అనుసరించును. అతడు బృందమును అనుసరింప, బృందము అతనిని అనుసరింప, ప్రతి ఆవర్తమునను కొంత కొంత విలంబము చేరి కాలప్రమాణము క్రమముగా దిగజారి చివరకు సంగీతము ఈడ్చుకొనిపోవును. మన లక్షణకారులు గ్రహభేదములను సమము, అతీతము, అనాగతము అని విభజించిరి. ఇచట సమమునకై వెదకు రెండు పక్షములును ఒకదానికొకటి వెనుకబడి పోవుచున్నవి. ఇది యంత్రపు లోపము కాదు, సందర్శకుని లోపమును కాదు. రెండును కలిసినపుడు మాత్రమే పుట్టు దోషము. కావుననే ఏకాంతమున యంత్రమును ఎంత పరీక్షించినను ఇది కనబడదు.

2003లో బోస్టన్ బాలల సంగ్రహాలయమునకై బోర్షర్స్, ఎరిక్ లీ, టెరీసా మారిన్ నాక్రా నిర్మించిన యూ ఆర్ ది కండక్టర్ అను వ్యవస్థ బోస్టన్ పాప్స్ బృందపు వాదనమును బాలల చేతికప్పగించెను. బాలలు తాళపు మాత్రలను లెక్కింపరు; చేతిని ఇటునటు విసరుదురు, గుండ్రముగా త్రిప్పుదురు, కత్తివలె ఝళిపింతురు. కావున నిర్మాతలు ఇచట తాళపు గుర్తులను వెదకుట మానిరి. చేయి ఎంత వడిగా కదలిన సంగీతము అంత వడిగా సాగును, ఎంత విశాలముగా కదలిన అంత బిగ్గరగా మ్రోగును, చేయి ఆగిన సంగీతమును ఆగును: ఇంతియే నియమము. దండమును గూడ బాలల చేతి తాకిడికి ఓర్చునట్లు దృఢముగా నిర్మించిరి. వియన్నాలో సందర్శకుడు నిర్దేశకుడు కావలసి యుండెను. బోస్టన్‌లో యంత్రమే బాలుని భాషను అభ్యసించెను.

2006లో మిల్వాకీ నగరపు బాలల సంగ్రహాలయమున స్థాపింపబడిన ఐసింఫనీ ఈ రెండు మార్గములను సమన్వయించెను. అందలి సంజ్ఞాపరిశీలక తంత్రము చేతి కదలిక శిక్షితులు వాడు నాలుగు మాత్రల ఆకృతియా, కేవలము పైకి క్రిందికి ఊపుటయా, లేక ఏ ఆకృతియు లేని విసరుటయా అని తానే గుర్తించి తదనుగుణముగా వర్తించును. నిపుణుడు వచ్చిన నిపుణునివలెను, బాలుడు వచ్చిన బాలునివలెను గ్రహించు ఈ సామర్థ్యము కాగితముపై చేసిన ఊహవలన పుట్టలేదు. మొదటి నగరమున పెద్దలును, రెండవ నగరమున బాలలును చేసిన సంజ్ఞలను చూచిన పిదపనే పుట్టినది. స్థిరముగా ప్రతిష్ఠింపబడిన ప్రదర్శనమును తరువాతి దానికి నమూనాయే యగునని ఈ మూడు నిర్మాణములు నిరూపించుచున్నవి.

5. శరీరము, పాదరక్ష, పరిసరము

న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ ఉత్సవమున 1996 జులైలో ప్రథమముగా ప్రదర్శింపబడిన బ్రెయిన్ ఆపెరా, ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌కు చెందిన టాడ్ మాకోవర్ రచన. మార్విన్ మిన్స్కీ మనస్సును గూర్చి చేసిన సిద్ధాంతములు దానికి ప్రేరణము. ప్రదర్శనకు ముందు శ్రోతలు మైండ్ ఫారెస్ట్ అను వాద్యవనమున సంచరించి, తాము పుట్టించిన ధ్వనులను రచనలో భాగముగా అర్పించెడివారు. జోసెఫ్ పారడీసో మొదలగువారు నిర్మించిన ఆ వాద్యములు జనసమ్మర్దమును ఎదుర్కొన్న విధము పరిశీలనార్హము. రిథమ్ ట్రీ అను వాద్యమున 300కు మించిన తట్టుడుపలకలు కలవు. ఒకదాని కడ జనులు మూగినను తక్కినవి ఖాళీగా నుండుటచే నిరీక్షణ తగ్గును. సింగింగ్ ట్రీ అను వాద్యము ముందు ఒకే స్వరమును నిలకడగా పాడినచో యంత్రము దానికి తోడుగా మధురమైన బృందగానమును వినిపించును, కంఠము చలించినచో ఆ మాధుర్యము చెదరును. పాట రానివానిని గూడ పాడింపగలిగిన గొప్ప ఉపాయమిది: అతనినుండి రాగమును కోరలేదు, ఒక్క స్వరపు నిలకడను మాత్రమే కోరినది.

జెస్చర్ వాల్ అను వాద్యము శరీరముగుండ ప్రసరించు స్వల్ప విద్యుత్క్షేత్రము ద్వారా చేతుల స్థానమును గ్రహించును. సందర్శకుడు నేలపైనున్న పలకపై నిలిచినపుడు సంకేతము అతని పాదములనుండి ప్రవేశించును. కాని పాదరక్షల అడుగుభాగము ఒక్కొక్కరిది ఒక్కొక్క మందము. పలుచని చెప్పులవానికిని దళసరి బూట్లవానికిని సంకేతబలము వేర్వేఱుగా నుండుటచే, వాదనము మొదలగుటకు మునుపే ప్రతి సందర్శకుని పాదరక్షకు అనుగుణముగా సంకేతమును సరిచేయు ఏర్పాటు అవసరమయ్యెను. ప్రయోగశాలలో కొద్దిమంది సహచరులపై పరీక్షించినవాడు ఈ వైవిధ్యమును చూడజాలడు. ఎత్తు, చేతిబలము, కంఠస్థాయి, వస్త్రము, పాదరక్ష ఇవి యన్నియు వినోదోద్యానపు ద్వారము దాటి లోనికి వచ్చును. నమూనా వానినన్నింటిని కలిసికొనవలెను. ఈ వాద్యవనమునకును 2000 సంవత్సరమున వియన్నాలోని పైజెప్పిన ధ్వని సంగ్రహాలయమే స్థిరనివాసమయ్యెను.

6. రెండు కాలములు: మిల్లీసెకండు, నిమిషము

సంగీతక్రీడకు రెండు కాలములు ప్రాణము. ఒకటి దెబ్బకును ధ్వనికిని నడుమనుండు కాలము. డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ 2001లో, వాద్యమునకు వాదకునితో అన్యోన్యత కుదురవలెనన్న ఈ విలంబము 10 మిల్లీసెకండ్లకు మించరాదని సూచించిరి. విలంబము స్వల్పమే యైనను అది ఒకప్పుడు హెచ్చి ఒకప్పుడు తగ్గుచున్నచో మఱింత హానికరము. స్థిరమైన ఆలస్యమునకు చేయి అలవాటుపడును, చంచలమైన దానికి పడజాలదు. ధ్వని గాలిలో ఒక మీటరు దూరము పోవుటకు సుమారు 3 మిల్లీసెకండ్లు పట్టును. కావున యంత్రమును ఎంత శీఘ్రముగా పనిచేయునట్లు నిర్మించినను, ధ్వనివర్ధకమును పది మీటర్ల దూరమున గోడకు తగిలించినచో 30 మిల్లీసెకండ్ల విలంబము అదనముగా వచ్చి చేరును. బల్లపై సరిగా పనిచేసిన నమూనా మంటపమున విఫలమగుటకు ఇట్టి కారణములు చాలును. ప్రతి సందర్శకుని ధ్వని అతని ఎదుటనే, సాధ్యమైనంత సమీపముననే పుట్టవలెను; అట్లు చేసినచో తన ధ్వనిని గుర్తించుటయు సులభమగును. డోలు దెబ్బవలె క్షణమున ముగియు క్రియకు ఈ నియమము కఠోరము. నిర్దేశకుని చేతివలె ముందు సూచించి నడుపు క్రియకు అంత కఠోరము కాదు. ఏ సంజ్ఞకు ఎంత విలంబము సహ్యమో గూడ నమూనాయే తేల్చవలెను.

రెండవది వరుసలో నిలిచినవాని కాలము. ఆరుగురు వాయించు బల్లకడ ఒక్కొక్క ఆవృత్తి అయిదు నిమిషములును, జనులు మారుటకు ఒక నిమిషమును పట్టినచో గంటకు పది ఆవృత్తులు, అఱువదిమంది మాత్రమే సాగుదురు. పెద్ద వాహనక్రీడలు గంటకు వేలమందిని సాగనంపు ఉద్యానమున ఈ సంఖ్య అత్యల్పము. ఆవృత్తిని రెండు నిమిషములకు కుదించినచో ఇరువది ఆవృత్తులై సంఖ్య నూటయిరువదికి పెరుగును గాని, పైన చెప్పిన నియమపు సడలింపునకు తావు మిగులదు. సందర్శకుడు అనుకరణ దశలోనే వెడలిపోవును. ఇందుకు ప్రతిక్రియలు రెండు. ఒకటి, రిథమ్ ట్రీ వలె ఎవరు ఎప్పుడైనను చేరి ఎప్పుడైనను విడువగల నిరంతరవాదనము. రెండవది, వరుసలో నిలుచు కాలమునే శిక్షణగా మార్చుట: లోపల వాయించుచున్నవారు బయటివారికి కనబడునట్లును, వారి లయ వినబడునట్లును మంటపమును కట్టినచో, నిరీక్షించువాడు తన వంతు వచ్చునప్పటికి సగము నేర్చియే యుండును. ఈ రెంటిలో ఏది తగునో నిర్ణయించుటకు యంత్రమును మాత్రమే గాక వరుసను గూడ నమూనాగా కట్టి చూడవలెను; నిర్మాతలు సాధారణముగా విస్మరించునది ఇదియే.

7. తెలుగునేలకు అన్వయము, ఉపసంహారము

ఇంతవఱకు పరిశీలించిన వ్యవస్థలు పాశ్చాత్య సంగీతసంస్కారమున పుట్టినవి. వానిని యథాతథముగా తెచ్చి మన ఉద్యానములలో నిలుపుట సులభమే. కాని మన సందర్శకుని చేయి వేఱు. మన యిండ్లలో కొంచెమైన సంగీతపరిచయము కలవాడు ఆదితాళమును వేయునపుడు ఒక దెబ్బ వేసి, చిటికెనవ్రేలు మొదలుగా మూడు వ్రేళ్లు లెక్కించి, పిదప దెబ్బయు విసర్జితమును రెండుమారులు చేసి, ఎనిమిది అక్షరములను పూర్తిచేయును. వ్రేళ్లను లెక్కించు మూడు అక్షరముల కాలమున చేయి దాదాపు కదలదు. చేతి గమనమును మాత్రమే చూచు యంత్రము ఆ నిశ్చలతను ఆగిపోవుటగా గ్రహించి సంగీతమునే నిలిపివేయు ప్రమాదము కలదు. ఏడు మాత్రల మిశ్రచాపును చేతితో తట్టువానిని నాలుగు మాత్రల ఆకృతికై వెదకు యంత్రము అర్థముచేసికొనజాలదు. మఱియొక వైపున, చెక్కభజనలోను, కోలాటములోను, డప్పు చుట్టును జనులు కలిసి లయ పట్టు అలవాటు మన పల్లెలలో నేటికిని సజీవము. అపరిచితులచేత వాయింపజేయు ధైర్యమును పాశ్చాత్య నిర్మాత శూన్యమునుండి సృష్టింపవలసి వచ్చెను, మనకు అది వారసత్వముగా లభించినది. ఈ అనుకూలతను, ఆ ప్రతికూలతను తూచి చూచుటకు మన జనుల నడుమ మన నమూనాలనే నిలుపవలెను. పరుల ప్రయోగములనుండి పద్ధతిని గ్రహింపవచ్చును. ఫలితమును ఎరువు తెచ్చుకొనరాదు.

ఈ విచారణవలన తేలిన విషయములను క్రోడీకరించెదను. మొదటిది, ప్రతి నమూనాకును ఒకే ప్రశ్న యుండవలెను. ఆ ప్రశ్నకు అవసరమగునంతకంటె హెచ్చుగా దానిని కట్టరాదు. రెండవది, పరీక్షకులు పిలిచి తెచ్చినవారుగా గాక దారిన పోవువారుగా నుండవలెను. వారు చెప్పునదానికంటె చేయునది ప్రమాణము. మూడవది, దోషము యంత్రమునందే యున్నదనియో మనుష్యునియందే యున్నదనియో భావింపక, ఉభయుల సంయోగమునందు వెదకవలెను. మందగించిన బృందపు వృత్తాంతము దీనికి నిదర్శనము. నాలుగవది, ప్రారంభమున నియమము గాఢముగా నుండి క్రమముగా సడలవలెను. అయిదవది, ఓడిపోవు అవకాశమును పూర్తిగా తొలగింపరాదు. దానిని సిగ్గు కలిగింపనిదిగా మాత్రము చేయవలెను.

వీనిలో కడపటిదే నాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. నేటి యంత్రములు ఏ చేతికదలికనైనను మధురధ్వనిగా మార్చు శక్తి సంపాదించినవి. ఆ శక్తిని సంపూర్ణముగా వినియోగించుట నిర్మాతకు సులభము, సందర్శకునకు అపకారము. తన చేతివలన ఏమియు చెడిపోజాలదని తెలిసినవాడు తన చేతివలన ఏమియు బాగుపడలేదని గూడ త్వరలోనే గ్రహించును. బ్రతుకున ఒక్కసారియైనను తాను సంగీతమును చేయగలనని నమ్మనివానికి, అయిదు నిమిషముల కాలములో, అబద్ధము చెప్పక ఆ నమ్మకమును కలిగింపగల మంటపము వినోదోద్యానమున ఒక్కటి యున్నను, దానికై కట్టి విప్పిన నమూనాలన్నియు సార్థకములే.